కొత్త వైరు, నాలుగో గోడ

ఏమండీ,

చెవికి తెలియని తేడా ఉన్నట్టా, లేనట్టా? పొద్దుటి నుంచి నన్ను నేనే అడుగుతున్నాను.

ముందు పనులు. కూర వేడి చేసుకోండి. వాన పడేలోగా బాల్కనీలో బట్టలు తీయండి.

ఇక మీ స్పీకర్ల సంగతి. "కొత్త వైరుతో పాటకు ప్రాణం లేచొచ్చింది, చూశావా!" అని వారంగా మురిసిపోతున్నారు. ఆ వైరు మంచం కింద పెట్టెలో ఉంది. పోయిన ఆదివారం దుమ్ము దులుపుతూ పాత వైరూ కొత్త వైరూ కలగలిపేసి, పొరపాటున పాతదే తగిలించాను. మీ ముఖం చూశాక చెప్పడానికి నోరు రాలేదు.

నవ్వినందుకు నాకూ శాస్తి జరిగింది. గదిలో ప్రతిధ్వని మోత తగ్గాలని మీరు మూడు గోడలకు దుప్పట్లు కడితే, "ఇల్లా, బట్టల కొట్టా?" అన్నాను. ఇవాళ మా అమ్మ పాడిన పాత టేపు పెట్టాను. ఇన్నేళ్లూ ఆ మోతలో కలిసిపోయిన మాట ఒకటి పాట చివర స్పష్టంగా వినబడింది: "ఆ తలుపెయ్యవే, చెవిటిదానా!" నన్నే. మూడుసార్లు విన్నాను.

వైరు దగ్గర మీరు ఓడారు, దుప్పట్ల దగ్గర నేను ఓడాను. నాలుగో గోడ బోసిగా ఉండకూడదనిపించింది. మన మంచం మీది దుప్పటి తీసి కట్టేశాను.

రాత్రి చలేస్తే కొత్త వైరు కప్పుకోండి.