ఆ బుగ్గలు బుగ్గలు కావు

అట్‌బాషి పల్లె

మా ఇంటి కోడలు ఉమ్సునాయ్‌కి అత్త కాలిచా దీవెనలు.

ఫోటో చేరింది. నాలుగు నెలల మనవడికి ఆ బుగ్గలేమిటే! కళ్లు కూడా కనపడటం లేదు. ఇరుగుపొరుగు కుళ్లి చస్తున్నారు. ఇంత బొద్దు బిడ్డతో నగరం ఆసుపత్రిలో నీకేం పని? గొర్రె తోక కొవ్వు పంపుతున్నాను. ఉడికించి, పుల్లకు గుచ్చి చీకించు.

మీ మేలు కోరే అత్త

తా.క. పుల్ల వదలకు. మీ ఆయన పసివాడప్పుడు ముక్కంతా మింగేశాడు. ఇప్పటికీ అలాగే తింటాడు.

ఫ్రూంజె నగర ఆసుపత్రి, పిల్లల వార్డు

అత్తయ్యకు సలాం.

అవి బుగ్గలు కావు, వాపు. రక్తంలో ఉండాల్సిన మాంసకృత్తులు పేగుల్లోకి కారి విరేచనాల్లో పోతున్నాయట. అందుకే ఒళ్లంతా నీరు చేరింది. కాలు నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. నాకు చాలా భయంగా ఉంది. కొవ్వు తగిలితే ఆ కారడం ఇంకా ఎక్కువవుతుందని డాక్టరమ్మ చెప్పింది. పంపకండి.

మీ కోడలు

తా.క. మీ పొట్లం నర్సు లాక్కుంది. సాయంత్రం వార్డంతా కమ్మటి వాసన.

అట్‌బాషి

అమ్మాయ్, దీవెనలు.

కారిపోతుంటే ఇంకా ఎక్కువ పొయ్యాలి గానీ మానేస్తారా? ఆ డాక్టరమ్మ ఎక్కడ చదివింది? ఇంకా పెద్ద తోక పంపుతున్నాను. పెద్దదాన్ని చెబుతున్నాను, చీకించు.

అత్త

తా.క. నర్సుకు ఒక ముక్క వేరే కట్టాను. తిని నోరు మూసుకోమను.

ఫ్రూంజె

అత్తయ్యా,

మీ మాట కాదనలేక నిన్న ఒక్కసారి చీకించాను. ఇవాళ పొద్దుటి నుంచి విరేచనాలు ఆగలేదు. మధ్యాహ్నం నుంచి బిడ్డ కళ్లు తెరవలేదు. సూది గుచ్చి ఏదో ఎక్కిస్తున్నారు. డాక్టరమ్మ నన్ను తిట్టింది. నేను మిమ్మల్ని తిడుతున్నాను. మీకసలు బుద్ధుందా? కొవ్వు పట్టింది మీకు!

ఉమ్సునాయ్

తా.క. ఏమీ లేదు.

అట్‌బాషి

అమ్మా ఉమ్సునాయ్,

తిట్టావు. మంచిపని చేశావు.

ఫోటో చూడగానే నా గుండె జారిపోయింది. నిన్ను భయపెట్టకూడదని బుగ్గలని రాశాను. మీ ఆయనకన్నా ముందు నాకొక ఆడపిల్ల, అయిదాయ్. యుద్ధం రోజుల్లో పుట్టింది. ఇలాగే ఉబ్బింది. బొద్దుగా ఉందని అందరూ మెచ్చుకుంటే పిచ్చిదాన్ని, మురిసిపోయాను. అయిదో నెలలో పోయింది. అప్పుడు గొర్రెలన్నీ సైన్యానికి తోలుకుపోయారు. చీకించడానికి కొవ్వు ముక్క దొరకలేదు కాబట్టే పోయిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. వీడికి ఆ లోటు రాకూడదని పంపాను.

ఇకనుంచి డాక్టరమ్మ మాటే విను. నా మాట వినకు.

కాలిచా

తా.క. ఇది చదివి నా మీద జాలిపడి మెత్తగా జవాబు రాయకు. మళ్లీ తిట్టు, ఇంకా గట్టిగా తిట్టు. నీకు తిట్టే ఓపిక ఉందంటే వాడు బతికున్నాడని నాకు తెలుస్తుంది.