కొలతల పుస్తకం ఎవరిది

విజయవాడ గుణదలలో కాపురముంటున్న, కీర్తిశేషులు పాల్ గారి భార్య తెరేసమ్మ అను నేను, నా అరవై ఎనిమిదో ఏట, ఒంట్లో షుగరు తప్ప బుర్రలో ఏ లోపమూ లేకుండా, ఎవరి బలవంతమూ లేకుండా రాయించుకున్న వీలునామా ఇది. ఇది కోపంలో రాసింది కాబట్టి చెల్లదని నా కొడుకు డేనియల్ రేపు అనవచ్చు. కోపం ఉన్నమాట నిజమే. కానీ కళ్ళజోడు లేకుండా ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాను, మతి అంతకన్నా సరిగ్గా ఉంది. దీన్ని అమలుపరిచే బాధ్యత నా తమ్ముడు జాన్‌బాబుకి అప్పగిస్తున్నాను. వాడు మెతక మనిషి, మేనల్లుడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే కరిగిపోతాడు. కరగవద్దని ఇందుమూలంగా ఆదేశిస్తున్నాను.

1. గుణదలలో నేనూ పాల్ గారూ కట్టుకున్న రెండు గదుల డాబా ఇల్లు, సామానుతో సహా, నా తదనంతరం నా ఏకైక కుమారుడు డేనియల్‌కి సర్వహక్కులతో చెందాలి. కడుపున పుట్టినవాడిని రోడ్డున పడేసేంత రాక్షసిని కాను. అయితే ఆరో అంశంలో రాసిన పని పూర్తయ్యేదాకా తాళాలు జాన్‌బాబు దగ్గరే ఉండాలి.

2. పటమటలో నా కుట్టు సంపాదనతో కొన్న ఒంటిగది కొట్టు, అందులోని రెండు మిషన్లు, ‘తెరేసా లేడీస్ టైలర్స్’ అన్న బోర్డు, ఆ పేరు, ఇరవై ఆరేళ్ళుగా నా దగ్గర హుక్కులూ కాజాలూ చేతికుట్టూ చూసుకుంటున్న అమలమ్మకి చెందాలి. ఈ పేరునీ కస్టమర్ల ఫోన్ నంబర్లనీ ఎవరో పెద్ద బొటిక్ వాళ్ళకి అప్పగిస్తానని డేనియల్ మాటిచ్చి వచ్చాడట. ఇవ్వడానికి అవి వాడివి కావు. ఆ మాట చెల్లదు.

3. కన్నకొడుకుని కాదని కొట్టు పనిమనిషికి రాసిందని నలుగురూ అనుకుంటారు కనుక కారణం రాస్తున్నాను.

మగ టైలర్లు కొలత తీస్తూ అంకెలు పైకి అరుస్తారు, పక్కన ఇంకొకడు రాసుకుంటాడు. నలభై ఒక్క ఏళ్ళలో నా కొట్లో ఒక్క అంకె కూడా పైకి పలకలేదు. కొలిచిన చేత్తోనే పుస్తకంలో రాసుకున్నాను. ఒకావిడ నడుము ఎంతో బెంచీ మీద కూర్చున్న మిగతావాళ్ళకి ఎందుకు? ఒక భుజం కిందికి ఉన్నవాళ్ళూ, వీపు మీద కాలిన మచ్చ కనపడకూడదనుకునేవాళ్ళూ, అందరి సంగతీ నా అక్షరాలతో ఆ పుస్తకంలో ఉంది. నమ్మకం కుదిరినవాళ్ళు ఆది జాకెట్టు, అంటే కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టు, నా బీరువాలోనే వదిలేసేవాళ్ళు. కొత్త బట్ట పంపి ‘కుట్టేయండి తెరేసమ్మ గారూ’ అని ఫోన్ చేస్తే చాలు.

డేనియల్ బెంజి సర్కిల్ దగ్గర ఏదో హోటల్లో రెండు రోజుల క్లాసుకి వెళ్ళాడు. కస్టమర్లతో అనుబంధం పెంచుకోవడం ఎలా అన్నది పాఠం. వాడు ఆ కొట్లో గుడ్డముక్కలతో ఆడుకుంటూ పెరిగినవాడు. వాడికి తినిపించింది, ఎత్తుకు తిప్పింది ఆ కస్టమర్లే. అలాంటివాడు ఎవరో కోటు సారు దగ్గర అనుబంధం నేర్చుకుని వచ్చాడు. వచ్చీ రాగానే ‘తెరేసా ఫ్యామిలీ’ అని వాట్సాప్ గ్రూపు పెట్టి మూడొందల పన్నెండు మంది ఆడవాళ్ళని, వాళ్ళని అడగకుండా, చేర్చాడు. పోయిన క్రిస్మస్ ముందు నా పుస్తకంలో పేజీలన్నీ ఫొటోలు తీసి అందులో పెట్టాడు. ‘మీ కొలతలు సరిచూసుకోండి, పది శాతం తగ్గింపు’ అని కింద రాశాడు.

అందులో ఒకావిడ పేజీ ఉంది. ఆవిడ పేరు ఇక్కడ రాయను, రాస్తే నేనూ వాడు చేసిన పనే చేసినట్టు. ఆవిడకి రొమ్ముకి ఆపరేషన్ అయింది. ఒక వైపు దూది ఎంత పెట్టాలో, ఎక్కడ కుట్టాలో ఆ పేజీలో రాసుకున్నాను. ఆ సంగతి ఆవిడ భర్తకీ, డాక్టరుకీ, నాకూ తప్ప తోడికోడలికి కూడా తెలియదు. గంట తర్వాత విషయం తెలిసి నేను గోల పెడితే వాడు ఫొటోలు తీసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. చూడవలసినవాళ్ళంతా అప్పటికే చూశారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వచ్చి, మెట్టు ఎక్కకుండా కిందే నిలబడి, ‘నా ఆది ఇచ్చేయండి’ అన్నారు. మా పనిలో ఆది వెనక్కి అడిగితే ఇక రానని అర్థం. బీరువాలోంచి తీసి ఇచ్చాను. ‘మీ ముందే కదండీ విప్పాను’ అన్నారు, అంతే. నా కొడుకు మాత్రం ‘ఒక్కావిడే కదమ్మా, గ్రూపులో మిగతా అందరూ ఉన్నారు’ అన్నాడు. ఈ మాట అన్నవాడికి నా కొట్టు రాయను. పై లోకంలో పాల్ గారు అడిగినా రాయను.

4. నా పెద్ద కత్తెర కూడా అమలమ్మకే. దాంతో కాగితం కోస్తే ఊరుకోను, చచ్చినా సరే. అమలమ్మ నోరు లేని మనిషి, అందుకే నాలుగు మాటలు రాసి పెడుతున్నాను. ఎవరైనా ఒళ్ళు చేస్తే ‘ఉతుకులో బట్ట కుంచించుకుపోయినట్టుందండి’ అనాలి. కుట్టు లోపల రెండు వేళ్ళ బట్ట వదలాలి, ఆడదాని ఒళ్ళు ఒక్కలా ఉండదు. పెళ్ళి జాకెట్టు ఆలస్యమైతే అబద్ధం చెప్పకుండా ముందురోజే ఫోన్ చెయ్యాలి, తిట్లు పడాలి. ఇంతకు మించి నాకు వ్యాపారం తెలియదు.

5. క్లాసు చెప్పిన కోటు సారు గారికి నా కొట్లో కస్టమర్లు కూర్చునే బెంచీ రాద్దామనుకున్నాను. ఒక్క రోజు దాని మీద నోరు మూసుకుని కూర్చుంటే విద్య వస్తుందని. మనసొప్పలేదు. ఆయనకి ఏమీ లేదు.

6. కొలతల పుస్తకాన్ని ఎవరికీ రాయడం లేదు. అది నాది కాదు. ఏ పేజీ ఎవరి ఒంటిదో వాళ్ళదే. అమలమ్మ ఒక్కో పేజీని బ్లేడుతో కోసి, మడిచి, కవరులో పెట్టి అంటించాలి. ఆ కవర్లు డేనియల్ తీసుకువెళ్ళి ఇవ్వాలి. కొరియరు కాదు, ఫోన్‌లో మెసేజి కాదు. కాలినడకనో, బండి మీదో, గన్నవరంలో ఉన్నవాళ్ళకి గన్నవరంలో, మైలవరం కోడలై వెళ్ళినవాళ్ళకి మైలవరంలో, చేతికి ఇచ్చి, చేసింది తప్పని చెప్పి రావాలి. తిడితే వినాలి. లోపలికి పిలిచి మంచినీళ్ళిస్తే తాగాలి. తలుపు తీయకపోతే మళ్ళీ వెళ్ళాలి. మూడొందల పదకొండు ఇళ్ళూ అయ్యాక జాన్‌బాబు వాడికి తాళాలు ఇవ్వవచ్చు.

మూడొందల పన్నెండో కవరు ఆవిడది. దాన్ని పట్టుకుని వెళ్ళమని నేను వాడికి షరతు పెట్టడం లేదు. ఆవిడ గుమ్మం ముందుకి నా కొడుకుని పంపే హక్కు నాకు లేదు. ఇల్లు చేతికొచ్చాక, ఎవరూ అడగకపోయినా, ఏ లాభమూ లేకపోయినా వాడంతట వాడు వెళితే, నా కొడుకు మనిషయ్యాడని జాన్‌బాబు నా సమాధి దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పాలి. వెళ్ళకపోతే చెప్పడానికి రావద్దు.

2025 ఫిబ్రవరి 11, మంగళవారం, విజయవాడ.

(సంతకం) తెరేసమ్మ

చదివి వినిపించగా ఆమె ఒప్పుకుని మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:

1. జయకృష్ణ, కొట్టు పక్క మందుల షాపు, పటమట
2. హన్నా, నర్సు, గుణదల (ఈమెకి నా ఎర్ర శాలువా రాద్దామనుకున్నాను. సాక్షికి ఏమీ రాయకూడదని లాయరు గారు అన్నారు, అందుకని నిన్ననే ఇచ్చేశాను.)