దగ్గే పెట్టె

జూలై 4

మ్యూజియం స్టోరు పైకప్పు మళ్ళీ కారింది. పోయినసారి బకెట్లతో సరిపెట్టాం. ఈసారి బకెట్లు చాలక, ప్రైజు వచ్చిన ఇత్తడి శిల్పంలో కూడా నీళ్ళు పట్టాం. చేసినాయన చూస్తే ఏమంటాడో గానీ, బాగానే పట్టింది.

నేను ఈ మ్యూజియంలో ప్యాకర్ని. బొమ్మలకి బబుల్ ర్యాప్ చుట్టి చెక్కపెట్టెల్లో పడుకోబెట్టడం నా పని. మా ఆవిడ మాత్రం ఎవరడిగినా, మావారు ఆర్ట్‌లో ఉన్నారు అంటుంది. మా ఊరి బళ్ళో డ్రాయింగు మాస్టారు నాకు మామిడికాయ ఒక్కటే నేర్పారు. దాంతోనే ఇక్కడిదాకా వచ్చాను.

జూలై 7

డైరెక్టరు మేడమ్ మీటింగు పెట్టారు. కప్పు బాగయ్యేదాకా చిన్న చిన్న ఆర్ట్‌వర్కులు స్టాఫ్ ఇళ్ళలో ఉంచుతారట. కప్పు కారుతోందని రాస్తే ఎవరూ పైసా విదల్చరట. 'ఇంటింటా సమకాలీన కళ' అని రాస్తే ఫౌండేషన్ వాళ్ళు ఇస్తారట. మొత్తానికి వాన కాస్తా కార్యక్రమం అయింది.

జూలై 8

అత్తయ్యని కళ్ళ డాక్టరుకి చూపించి వెళ్ళేసరికి మంచివన్నీ అయిపోయాయి. అకౌంటెంటు వాళ్ళ సోఫాకి మ్యాచయ్యే పెయింటింగు పట్టుకుపోయాడు. డ్రైవరు గాజు చేపని ఎత్తుకెళ్ళాడు. మిగిలింది దగ్గే పెట్టె.

అది ఒట్టి చెక్కపెట్టె, లోపల స్పీకరు. ఒక ఆర్టిస్టు, వాళ్ళ నాన్న చివరి రోజుల్లో దగ్గిన దగ్గుని రికార్డు చేసి అందులో పెట్టింది. ఎప్పుడు దగ్గుతుందో దానికే తెలీదు. ఒక్కోసారి పూటంతా ఊరుకుంటుంది, ఒక్కోసారి ఊపిరాడనివ్వదు. ఆవిడ షరతు ఒకటే, ప్లగ్ తీసి మూల పడెయ్యకూడదు, మనుషులుండేచోట ఉంచాలి. స్టోర్లో మనుషులంటే నేనే కాబట్టి ఇన్నాళ్ళూ నాతో కాపరం చేసింది.

జూలై 9

ముందు గదిలో టీవీ పక్కన పెట్టాను. మా ఆవిడ చూసి, అందరూ ఆఫీసులోంచి బోనస్ తెచ్చుకుంటే మీరు రోగం తెచ్చుకున్నారా అంది. అత్తయ్య ఏమీ అనలేదు.

జూలై 10

అత్తయ్య ఏమీ అనకపోవడం కొత్త కాదు. చలికాలంలో మావయ్య పోయారు. ఆ తర్వాత ఒక జిప్పు బ్యాగుతో మా ఇంటికొచ్చింది. ఆ బ్యాగు ఇప్పటికీ మంచం తలవైపే ఉంది. చీర అందులోంచి తీస్తుంది, అందులోనే పెడుతుంది. తువ్వాలు కాసేపు కిటికీకి వేసి, సగం తడితోనే మడిచి బ్యాగులో దూర్చేస్తుంది. తీగ మీద వెయ్యమ్మా అని మా ఆవిడంటే, మీ బట్టలకి అడ్డం ఎందుకులే అంటుంది. నన్ను, అల్లుడుగారూ, మంచినీళ్ళు తీసుకోనా అని అడుగుతుంది. బస్టాండులో కూర్చున్న మనిషిలా ఉంటుంది.

ఏ బస్సో మా ఆవిడకి తెలుసు. బ్యాగు ముందు జేబులో ఏదో వృద్ధాశ్రమం కార్డు ఉందట. అత్తయ్య వెళ్ళిపోతుందేమోనని మా ఆవిడ భయం.

జూలై 19

సాయంత్రం పెట్టె ఆగకుండా దగ్గింది. వంటింట్లోంచి కేక వినపడింది. గుక్కెడు వేడినీళ్ళు తాగి చావరాదూ!

నేనూ మా ఆవిడా మొహమొహాలు చూసుకున్నాం. అత్తయ్య గొంతు అంత గట్టిగా విని ఎన్ని నెలలైందో. అత్తయ్య గుమ్మంలోకొచ్చింది. నేనున్నానని చూసి నాలిక్కరుచుకుంది. మిమ్మల్ని కాదు అల్లుడుగారూ, దాన్ని, అని లోపలికెళ్ళిపోయింది.

ఆగస్టు 2

రోజూ తిడుతోంది. చన్నీళ్ళు తాగొద్దంటే విన్నావూ. ఎవరికి వినిపించాలని ఆ దగ్గు. నీ దగ్గు తగలెయ్య, పొయ్యి మీదది మర్చిపోయాను.

ఆ ఊపులో మా ఆవిడకీ తగులుతున్నాయి. ఇదేనా గిన్నెలు తోమడం, నేను నేర్పిందేనా ఇది, అని కడిగేసిందట. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. తిట్లు తిని అంత మురిసిపోయిన మనిషిని నేను చూడలేదు.

ఆగస్టు 3

అత్తయ్య దువ్వెన అద్దం దగ్గరికొచ్చింది.

ఆగస్టు 20

తువ్వాలు తీగ మీద.

ఆగస్టు 28

బ్యాగు అటకెక్కింది. ఎక్కించమని ఆవిడే అంది. చీరలు బీరువాలో మా ఆవిడ చీరల పక్కన సర్దుకుంది. సగం అర ఆక్రమించిందని మా ఆవిడ వీధంతా చెప్పుకొస్తోంది.

సెప్టెంబరు 6

ఇదంతా నాన్న మీద బెంగ అని మా ఆవిడ అభిప్రాయం. ధైర్యం చేసి అత్తయ్యనే అడిగాను, మావయ్య బాగా దగ్గేవారా అని.

నన్ను జాలిగా చూసింది. మీ మావయ్య ఒక్కనాడు దగ్గిన పాపాన పోలేదు అంది. తిన్న కంచం ఆయనే తీసేవాడు, మాసిన చొక్కా ఆయనే ఉతుక్కునేవాడు, తిట్టడానికి సందివ్వని మనిషితో బతుకంతా కాపరం చేశాను అంది.

పెట్టె వైపు చూసి, ఇది నయం అంది.

సెప్టెంబరు 21

మేడమ్ ఫొటోలకని మా ఇంటికొచ్చారు, పెట్టె చేసినావిడని వెంటబెట్టుకుని. చిన్నపిల్లే, ముప్పై ఉంటాయేమో. కాఫీ తాగుతుండగా పెట్టె దగ్గింది. లోపల్నుంచి అత్తయ్య అందుకుంది. ఆ పిల్ల గ్లాసు కింద పెట్టేసింది. ఇంకోసారి దగ్గేదాకా, ఇంకోసారి తిట్టేదాకా కదల్లేదు. మా అమ్మ అచ్చం ఇలాగే అనేది అంది.

రికార్డు చేసుకోనా అమ్మమ్మా అని అడిగింది. అత్తయ్య కుదరదంది. నా తిట్లు ఇంట్లోవాళ్ళకే తల్లీ అంది.

మేడమ్‌కి మాత్రం ఏదో ఐడియా వచ్చినట్టుంది. మేడమ్‌కి ఐడియా వస్తే నాకు నడుం నొప్పి వస్తుంది.

అక్టోబరు 14

కప్పు బాగైంది. కార్యక్రమం విజయవంతం అని ఫ్లెక్సీ కట్టారు. అన్నీ వెనక్కి వచ్చాయి. గాజు చేప తోక లేకుండా వచ్చింది. పుట్టుకతోనే అంతండీ అన్నాడు డ్రైవరు.

పెట్టె నేనే ప్యాక్ చేశాను. ప్లగ్ తీస్తుంటే అత్తయ్య పెరట్లో ఉండిపోయింది.

కొత్త ఎగ్జిబిషన్ ఓపెనింగ్‌కి అత్తయ్యని తీసుకురమ్మన్నారు మేడమ్. పెట్టె పక్కన కుర్చీ వేస్తారట, ఆవిడ తోచినట్టు తిట్టొచ్చట. లైవ్ అట. చెప్పగానే అత్తయ్య చీర ఇస్త్రీకి ఇమ్మంది.

అక్టోబరు 25

పెట్టెని తెల్లటి దిమ్మ మీద పెట్టారు. పైన లైటు, చుట్టూ తాడు. తాడుకి ఇవతల అత్తయ్య కుర్చీ. ఫౌండేషన్ వాళ్ళూ పేపర్ల వాళ్ళూ గుండ్రంగా నిలబడ్డారు. పెట్టె చాలాసేపు బిగబట్టుకుంది, కొత్తవాళ్ళ ముందు మొహమాటపడ్డట్టు. తర్వాత దగ్గింది. అందరూ అత్తయ్య వైపు తిరిగారు.

అత్తయ్య కొంగు సర్దుకుంది.

మళ్ళీ దగ్గింది. కానివ్వండి అన్నట్టు మేడమ్ తలాడించారు. అత్తయ్య పెళ్ళికొచ్చిన చుట్టంలా నవ్వింది. ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు.

ఆటోలో అడిగాను. ఊరందరి ముందూ ఇంట్లో మనిషిని తిడతామా అల్లుడుగారూ అంది.

అక్టోబరు 27

టీవీ పక్కన పెట్టె ఉన్నంత మేర దుమ్ము లేదు. ఇల్లు చాలా ఆరోగ్యంగా ఉంది.

అక్టోబరు 30

తువ్వాలు మళ్ళీ కిటికీకి.

పెట్టె ఇంకొన్నాళ్ళు ఇప్పించమని మేడమ్‌ని అడిగాను. అది ఇప్పుడు పర్మనెంట్ డిస్‌ప్లేలో ఉందట, ఇన్సూరెన్స్ ఒప్పుకోదట. మా టీవీ పక్కన ఉన్నన్నాళ్ళూ ఆ ఇన్సూరెన్స్ ఏ ఊరెళ్ళిందో.

నవంబరు 2

అల్లుడుగారూ, బ్యాగు కాస్త దింపిపెడతారా అంది. నడుం పట్టేసిందన్నాను.

నవంబరు 4

ఆవిడే స్టూలు ఎక్కబోతుంటే చూడలేక దింపాను. ఆశ్రమం కార్డు ముందు జేబులోనే ఉంది. సోమవారం ఫోన్ చేస్తానంది. చెప్పేటప్పుడు కూడా మర్యాదగా, మీకు శ్రమ ఇచ్చాను అంది.

మా ఆవిడ గిన్నెలన్నీ కావాలని జిడ్డుతో వదిలేసి అమ్మ ముందే బోర్లించింది. అత్తయ్య చూసి, చప్పుడు కాకుండా తనే మళ్ళీ తోమిపెట్టింది.

నవంబరు 5, ఆదివారం

టీవీ పక్కన కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ దగ్గాను. ఊరికే.

ఏమీ కాలేదు. అసలాయన అనుభవం వేరు, నాది వేరు.

కాస్త లోపల్నుంచి తీసి మళ్ళీ దగ్గాను. మా ఆవిడ పెరట్లోంచి తొంగిచూసి, ఏమిటీ వేషం అన్నట్టు చెయ్యి తిప్పింది. నేను ఆపలేదు.

గుక్కెడు వేడినీళ్ళు తాగి చావరాదూ, అని కేక వినపడింది.

అత్తయ్య గుమ్మంలోకొచ్చింది. టీవీ పక్కన నేనే ఉన్నాను. నాలిక్కరుచుకుంటుందేమో అని చూశాను. చేతిలో గ్లాసుంది, పొగలు కక్కుతోంది.

నీకే చెప్పేది, అంది.

నవంబరు 6

ఫోన్ చెయ్యలేదు. తువ్వాలు తీగ మీద ఉంది. నాకు నిజంగానే గొంతు పట్టింది.