జరపకూడని సీటు

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. కారు క్షేమం కాదు. అది మీ తమ్ముడి కారు కాబట్టి దాని బాగోగులు మీకు తెలియజెయ్యడం నా బాధ్యత అనుకుని రాస్తున్నాను. అంతకుమించి మరేం లేదు.

నిన్న మధ్యాహ్నం ఎత్తు ఎక్కుతుంటే ఏదో మాడిన వాసన వచ్చింది. తర్వాత ఇంజను అరవడమే గాని బండి కదలదు. మన మరదలూ అంతేగా అని మీరు అనుకుంటారు, అనుకోండి. వెనక లారీవాళ్ళు హారన్లతో చెవులకి చిల్లులు పొడిచారు. చివరికి ఎవరో పుణ్యాత్ముడు ట్రాక్టరుకు కట్టి ఈ ఊరికి లాక్కొచ్చాడు. దారంతా నేను స్టీరింగు పట్టుకుని దర్జాగా కూర్చున్నాను, చూసేవాళ్ళకి నేనే నడుపుతున్నట్టు.

క్లచ్ ప్లేటు మాడిపోయిందని మెకానిక్కు తేల్చాడు. కొత్తది పట్నం నుంచి రావాలట. ఇక్కడ లాడ్జీలేం లేవు. షెడ్డు మేడ మీద ఒక గది ఉంటే దిగాను. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక గ్లాసు. మంచం నాకే పొట్టి, మీరైతే మోకాళ్ళ నుంచి బయటే ఉంటారు.

ఎక్కడికి బయల్దేరావని అడుగుతారేమో. ఊరికే, కాస్త గాలి మారుతుందని.

కారు తరఫున,
మీ మరదలు

తా.క. మీ ఊరి బస్సు రోజూ పొద్దున ఈ షెడ్డు ముందే ఆగుతుంది. ఉత్తరం ఇస్తే అందిస్తానని డ్రైవరు అన్నాడు. జవాబు ఉంటే సాయంత్రం తిరుగు బస్సులో తెస్తాడట. జవాబు ఇమ్మని నేను అడగడం లేదు. ఆయనే అన్నాడు.

*

మరదలికి,

నీతో జన్మలో మాట్లాడనని ఒట్టు వేసుకున్నాను. రాయనని వేసుకోలేదు. అందుకని రాస్తున్నాను, సంతోషపడిపోకు.

గాలి మారడానికి ఎవరైనా అంత దూరం కారేసుకుని పోతారా? మీ ఇంటికి కిటికీలు లేవా? నీ ఎత్తులు నాకు తెలియవనుకోకు. కారు అమ్మెయ్యడానికి బయల్దేరావు. వాడు పోయి వారం తిరక్కుండా బీరువా ఖాళీ చేసి బట్టలన్నీ పంచిపెట్టిన దానివి, నీకు కారొక లెక్కా?

ఆ బట్టలన్నీ ఎవరు కుట్టారు? నేను. కొట్టు పెట్టినప్పటి నుంచీ వాడి చొక్కాలూ ప్యాంట్లూ అన్నీ నా మిషను మీదే. ఏనాడూ వాడికి కొలతలు తీసిన పాపాన పోలేదు. అక్కాతమ్ముళ్ళం ఒకే పొడుగు, ఒకే కాళ్ళు, నాకు సరిపెట్టి కుడితే వాడికి సరిపోయేది. మొట్టమొదట కుట్టిన గళ్ళ చొక్కాకి బొత్తాలు ఆడవాళ్ళ వైపు కుట్టేశాను. వెధవ, నోరెత్తకుండా అదే తొడుక్కుని ఊరంతా తిరిగాడు. ఆ ఒక్క చొక్కా నాకని దాచి ఉంటే నీ సొమ్మేం పోయేది?

నీతో మాట్లాడని,
వదిన

తా.క. ఆ బస్సులో ముందు సీటు నా మోకాళ్ళకి గుచ్చుకుంటుంది. నేను వస్తానని ఆశ పెట్టుకోకు. నువ్వు పిలవలేదని తెలుసు. ముందే చెప్పి పెడుతున్నాను.

*

వదినగారికి నమస్కారాలు.

కారు అమ్మే ఉద్దేశం నాకు లేదు. అమ్మేదాన్నే అయితే ఆయన పోయాక ఈ వయసులో డ్రైవింగు స్కూల్లో చేరి, కుర్రకారు మధ్య నిలబడి, ఆ మేష్టారితో తిట్లు తినేదాన్ని కాదు.

మెకానిక్కు ఇవాళ నన్ను పిలిచి, "అమ్మా, మీరు క్లచ్ ఎలా తొక్కుతారో ఒకసారి చూపించండి" అన్నాడు. ఎక్కి చూపించాను. పాపం మనిషి నెత్తి పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు. సంగతేమిటంటే, సీటు మీ తమ్ముడు వదిలిన చోటే ఉంది. నాకు కాలు అందదు. వీపు వెనక రెండు దిళ్ళు దోపుకుని, అంచున కూర్చుని, బొటనవేలితో నొక్కుతాను. సగమే దిగుతుందట. ఆ సగానికే ప్లేటు మాడిందట. వెనక అద్దం కూడా ఆయన పెట్టుకున్నట్టే ఉంది. నాకు అందులో కారు పైకప్పు తప్ప ఏమీ కనపడదు.

ఇక్కడ పొద్దు పోదు. కిటికీలోంచి చూస్తే టైర్ల కొట్టు, దాని పక్కన హోటలు. భోజనానికి అక్కడికే పోవాలి. గుమ్మంలో అడుగు పెట్టగానే సర్వరు "ఒక్కరేనా?" అంటాడు. అవునన్నాను. మర్నాడూ అదే మనిషి, అదే ప్రశ్న. ఒక్క పూటలో నాకు ఇంకో మనిషి ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తారు? ఇవాళ పోలేదు. బిస్కెట్లతో సరిపెట్టాను.

మీ మరదలు

తా.క. కాలు అందకపోతే చెప్పొచ్చు కదమ్మా అన్నాడు మెకానిక్కు. ఎవరికి చెప్పాలో తెలియలేదు బాబూ అన్నాను.

*

మరదలికి,

ఓసి పిచ్చిదానా! సీటు కింద ఒక కొక్కెం ఉంటుంది. లాగితే సీటు ముందుకొస్తుంది. డ్రైవింగు రాని నాకే తెలుసు. దానికి దిళ్ళెందుకు, బొటనవేలెందుకు? బంగారంలాంటి కారు, నా తమ్ముడు పసిపిల్లలా చూసుకున్న కారు, మాడ్చి బొగ్గు చేశావు.

పైగా వెనక ఏం వస్తోందో చూడకుండా నడిపావా? లారీవాళ్ళు ఊరికే హారన్లు కొట్టలేదమ్మా. వాళ్ళ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కొట్టారు.

మెకానిక్కుతో చెప్పి వెంటనే ఆ సీటు ముందుకి జరిపించు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

నీతో ఇంకా మాట్లాడని,
వదిన

తా.క. బిస్కెట్లు తిని మనిషి బతుకుతుందా? నేనూ ఇవాళ పొయ్యి వెలిగించలేదు. ఒక్కదానికి వండబుద్ధి కాదు. ఇది నీకు చెప్పాల్సిన సంగతి కాదు, చెయ్యి జారింది.

*

వదినా,

కొంపలు మునిగాయి!

మీరు ఏ నోటితో అన్నారో గాని అంతపనీ అయింది. నేను సబ్బు కొనడానికి వీధి చివరికి వెళ్ళొచ్చేసరికి మెకానిక్కు సీటు ముందుకి జరిపేశాడు. అడక్కుండానే! కింది పట్టాలు గోకి, తుడిచి, గ్రీజు కూడా పెట్టాడు. "మీ మంచికేనమ్మా, ఇప్పుడు కూర్చోండి, కాలు భేషుగ్గా అందుతుంది" అని మొహం వెలిగిపోతూ నిలబడ్డాడు.

ఉన్న చోట పెట్టు అని అరిచాను. ఎక్కడ ఉండేదమ్మా అన్నాడు. ఆ పట్టాలకి రంపంలాగా బోలెడు పళ్ళున్నాయి. ఆయన సీటు ఏ పంటి దగ్గర ఉండేది? నేనెప్పుడూ చూసుకోలేదు. మెకానిక్కూ చూడలేదు. పాత గుర్తేదైనా ఉంటే గ్రీజుకి ముందే తుడిచేశాడు. ఈ భూమ్మీద ఇప్పుడది ఎవరికీ తెలియదు.

ఏం పుట్టి మునిగిందని మీరు అంటారు. నాకు రాయడం చేతకావడం లేదు.

మెకానిక్కు బిక్కచచ్చిపోయి ఒక ఉపాయం చెప్పాడు. రేపు చూడాలి.

మీ మరదలు

తా.క. దిళ్ళ గలీబులు మాసిపోయాయని రెండూ విప్పి సబ్బునీళ్ళలో వెయ్యబోయాడు. ఒకటి వేసేశాడు. రెండోది చేతిలోంచి లాక్కుని ఒంటికాలి మీద లేచాను. అతను ఇప్పుడు నన్ను చూస్తే కారు కిందికి దూరిపోతున్నాడు.

*

మరదలికి,

ఛీ ఛీ! నా చెవులతో ఏం వినాల్సి వచ్చింది!

ఉత్తరం ఏదని అడిగితే, ఇవాళ మీ మరదలికి రాసే తీరిక లేదండి అని బస్సు డ్రైవరు ఇకిలించాడు. ఊళ్ళో పొడుగు మగాళ్ళందరినీ వరసపెట్టి పిలిపించి కారులో కూర్చోబెట్టి చూస్తున్నావట! పోస్టుమాను, బడి పంతులు, టైర్ల కొట్టాయన! ఒక్కొక్కరినీ కాలు చాపమంటున్నావట! వాలమంటున్నావట! పనికిరాడు, దిగిపొమ్మంటున్నావట! జనం కుర్చీలు వేసుకుని చూస్తున్నారట. "పొద్దున నన్ను కూడా కూర్చోబెట్టారండీ" అని సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు ఆ డ్రైవరు.

నా తమ్ముడు పోయి రెండేళ్ళు కాలేదు. హోటలువాడు ఒక్కరేనా అని అడిగినంత మాత్రాన ఇంత పని చేస్తావా? పోనీ, ఒంటరి బతుకు, తోడు కావాలనుకున్నావు, తప్పని నేననను. అందుకు ఒక పద్ధతి లేదా? నాలాంటి పెద్దదాన్ని ఒక మాట అడగొద్దా? పొడుగు ఒక్కటీ చూస్తే సరిపోతుందా?

తల ఎత్తుకోలేని,
వదిన

తా.క. ఆ డ్రైవరుకి పెళ్ళయింది. పిల్లలు కూడా. తెలిసి ఉంటే మంచిదని.

*

వదినా,

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. మెకానిక్కు కింది నుంచి "అమ్మా, బాగానే ఉన్నారా?" అని కేకేశాడు.

అది పెళ్ళిచూపులు కాదు వదినా. ఆయనంత పొడుగున్నవాళ్ళని కూర్చోబెడితే ఆ చోటు దొరుకుతుందని మెకానిక్కు ఉపాయం. దొరకలేదు. పంతులు ఒక పంటి దగ్గర ఆగాడు, టైర్ల కొట్టాయన ఇంకా వెనక్కి పోయాడు, పోస్టుమాను వాలిపోయి కునుకు తీశాడు. అందరూ "అద్దం సరిగ్గా లేదమ్మా" అంటూ దాని మీద చెయ్యి వెయ్యబోయారు. చేతుల మీద కొట్టాను.

బీరువా ఖాళీ చేశానని తిట్టారు గాని, ఎందుకని మీరు అడగలేదు. తలుపు తీస్తే ఆయన వాసన వచ్చేది. ఆ వాసనతో ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేకపోయాను. ఎవరు అడిగితే వాళ్ళకి ఇచ్చేశాను. తర్వాత చూసుకుంటే ఆయన పెట్టిన చోట ఆయన పెట్టినట్టు ఉన్న వస్తువు ఇంట్లో ఒక్కటీ లేదు, అన్నీ నేనే సర్దేశాను. మిగిలింది కారు సీటు. తలుపు తీసిన ప్రతిసారీ ఆయన ఇప్పుడే దిగి వెళ్ళినట్టుండేది. మళ్ళీ వచ్చి కూర్చుంటే ఇరుకు కాకూడదని అంచున కూర్చునేదాన్ని. పిచ్చే. తెలుసు. ఇప్పుడు అదీ లేదు.

క్లచ్ వేసేశాడు. గాలి మారాలన్నది అబద్ధం. మీ దగ్గరికే బయల్దేరాను. ఈ రోడ్డుకి మీ ఊరే ఆఖరని మీకూ తెలుసు. కానీ ఇంక రాను. మాట్లాడని మనిషి ఇంటికి వచ్చి ఏ మూల కూర్చోను? రేపు పొద్దున బండి వెనక్కి తిప్పుకుని పోతాను. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ మరదలు

తా.క. హోటల్లో ఇవాళ కూడా అడిగాడు. అవును నాయనా, ఒక్కదాన్నే అన్నాను.

*

మరదలికి,

సాయంత్రం బస్సులో నా జవాబు రాలేదని దిగులుపడి ఉంటావు. జవాబు రాలేదు, నేనే వచ్చాను. మోకాళ్ళు రెండూ కమిలిపోయాయి. ఆ మేడ మెట్లు ఇంక ఎక్కలేను, అందుకని ఈ కాగితం మెకానిక్కు చేత పైకి పంపిస్తున్నాను. కింద షెడ్డులో, నీ కారులో, నా తమ్ముడి సీట్లో కూర్చుని స్టీరింగు మీద పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే స్టీరింగు గుండ్రమని సర్దుకో.

ఊళ్ళో మగాళ్ళ కాళ్ళన్నీ చూశావు గాని నా కాళ్ళు నీకు గుర్తురాలేదుటే? అన్నేళ్ళు నా ఒంటికి పెట్టి వాడికి కుట్టాను కదా! కొక్కెం లాగి, ఒక్కో పన్నూ వెనక్కి జరిగాను. అద్దంలో ముందు పైకప్పే. తర్వాత కారు వెనక కిటికీ సగం. ఇంకో పన్ను జరగ్గానే వీధి మొత్తం కనిపించింది, టైర్ల కొట్టు, హోటలు, మన బస్సు, అన్నీ. కాలు కూడా క్లచ్ మీద హాయిగా ఆనింది. ఆ అద్దం వాడి కళ్ళకి పెట్టుకున్నది. వాడి కళ్ళు ఇక్కడే ఉండేవి. ఏడ్చాను. మెకానిక్కు చూడనట్టు ఏదో పానా వెతుక్కున్నాడు.

ఆ పంటి దగ్గర ఎర్రరంగు గీత పెట్టించాను. ఇంక ఎవడు గ్రీజు పూసినా పోదు. నువ్వు నడిపేటప్పుడు సీటు ముందుకి లాక్కో. అద్దం కూడా తిప్పుకో, లారీవాళ్ళు బతుకుతారు. బండి ఆపాక సీటు గీత దగ్గరికి నెట్టెయ్. అద్దం మాత్రం నేను కూర్చుంటే గాని మళ్ళీ కుదరదు. అంటే నేను దగ్గర్లో ఉండాలి. కుట్టుమిషను ఎక్కడైనా నడుస్తుంది. ఆలోచించుకో.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాను. కిందికి రా. ముందు ఆ హోటలుకి పోదాం. వాడు గుమ్మంలో ఒక్కరేనా అని అడగాలి, అప్పుడు చెబుతాను వాడి పని.

కింద ఎదురుచూస్తున్న,
వదిన

తా.క. రెండో దిండుకి తొడిగింది గలీబు కాదు, గళ్ళ చొక్కా. బొత్తాలు ఆడవాళ్ళ వైపున్నాయి. ఎవరికి తెస్తున్నావో నువ్వు చెప్పక్కర్లేదు, ఇప్పుడది నా ఒళ్ళోనే ఉంది. వాడి వాసన కొంచెం ఉంది ఇంకా. సబ్బునీళ్ళలో పడకుండా లాక్కున్నావు చూడు, అందుకు నీ తప్పులన్నీ కొట్టేశాను.