మేబెల్ తోకకు ఎర్ర రిబ్బను

డెల్మర్‌కు,

ఇక్కడ నేనూ, అమ్మాయీ, మనవలూ, నీ గుర్రమూ కులాసాగానే ఉన్నాం. నీ కులాసా గురించి నువ్వు రాసింది ఒకటి, నర్సు నాకు చెప్పింది ఇంకొకటి. "ఆయన మంచం దిగరమ్మా. నడవడానికి వాకర్ తెచ్చి పక్కన పెడితే దానిమీద చొక్కా ఆరేస్తున్నారు" అందావిడ. దొరికినదానిమీదల్లా చొక్కా ఆరేసే అలవాటు నీకు పెళ్లినాటినుంచీ ఉన్నదే, అందుకు నేనేమీ అనను. కానీ మంచుమీద జారి విరిగిన తుంటి అతుక్కుందని డాక్టరు చెప్పాక కూడా నువ్వు లేవనంటున్నావంటే భయంగా ఉంది. ఇంకొన్నాళ్లు ఇలాగే పడుకుంటే కాళ్లు ఇక మాట వినవట. ఫోనులో ఈ మాట ఎత్తితే వినపడటం లేదని పెట్టేస్తావు. అందుకే కాగితం తీశాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మేబెల్ ముందుకాలి గిట్టలో పగులు పూడింది. నాడాలు కొట్టే ఆయన వచ్చి కొత్తది వేసి వెళ్లాడు. వంటింటి కప్పు కారడం ఆగింది. మీ తమ్ముడు ఓరిన్ కొత్త ఆర్వీ కొన్నాడన్నమాట నిజమే. బండి కాదది, చక్రాలమీద ఇల్లు. లోపల పొయ్యి, స్నానాలగది, రెండు టీవీలు. "రెండోది ఎందుకయ్యా?" అని అడిగితే, "ఒకదాన్నే చూస్తే రెండోది చిన్నబుచ్చుకోదా వదినా!" అంటాడు. ఆ మాటకు అర్థం ఏమిటో నన్ను అడగకు.

ఇక ఏటా జూన్‌లో మనమంతా వెళ్లే క్యాంపు సంగతి. "ఈసారి చోటు నువ్వే ఎంచు. కరెంటూ కుర్చీలూ ఉంటే చాలు. గుర్రాల క్యాంపు వద్దు. మేబెల్‌ని అమ్మేయి" అని రాశావు. అంత తేలిక పనైతే ఇన్నేళ్లూ నువ్వు మ్యాపు ముందేసుకుని తల పట్టుకునేవాడివా? మన అమ్మాయి జానెల్ పిల్లలకు ఊయలలూ, ఈదడానికి నీళ్లూ, పిలిస్తే పలికేంత దూరంలో మరుగుదొడ్డీ కావాలి. ఓరిన్ బండికి కరెంటు, నీళ్ల గొట్టం, మురుగు గొట్టం, మలుపు తిరగడానికి మైదానమంత జాగా. గుర్రానికేమో కంచె, నీడ, తిరగడానికి కొండదారులు. ముగ్గురికీ కుదిరే చోటు వెతకడం పెళ్లిసంబంధం వెతకడం కన్నా కష్టంగా ఉంది.

మొదట జానెల్‌నీ పిల్లలనీ తీసుకుని రిజర్వాయరు ఒడ్డున ఉన్న క్యాంపుకు వెళ్లాను. ఇసుక, జారుడుబల్లలు, ఐస్‌క్రీం కొట్టు. పిల్లలు కారు ఆగకముందే దూకేశారు. అక్కడి మేనేజరు, "గుర్రాలా? కుక్కలకే ఇక్కడ సవాలక్ష రూల్సండీ!" అన్నాడు. మన చిన్నది బ్రిట్టా ఆయన చొక్కా పట్టుకుని, "అయితే మా తాతయ్యనీ రానివ్వరా? ఆయన దగ్గర ఎప్పుడూ గుర్రం వాసనే వస్తది" అంది. ఆయన నవ్వాడు, జానెల్ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చి ఐస్‌క్రీం కొనే నెపంతో అటు వెళ్లిపోయాను. నువ్వు లేకుండా ఆ పిల్ల అక్కడ ఒక పూట కూడా ఉండదు.

తర్వాత ఓరిన్‌తో హైవే పక్కన ఉన్న ఆర్వీల క్యాంపు చూశాను. అన్నీ సిమెంటు గచ్చులే. ఓరిన్ మొహం వెలిగిపోయింది. గుర్రాలకూ చోటుందని కౌంటర్లో అమ్మాయి గర్వంగా చూపించింది. ఎక్కడనుకున్నావు? ఆర్వీలన్నీ మురుగు తొట్లు ఖాళీ చేసుకునే గుంట వెనకాల! ఓరిన్ ముక్కు మూసుకుని, "ఇక్కడ మేబెల్‌ని కడితే అన్నయ్య మంచం మీంచి లేచొచ్చి మరీ నన్ను తంతాడు" అన్నాడు. "అలాగైతే ఇక్కడే కడదాం. లేస్తాడు కదా!" అన్నాను. ఇద్దరం నవ్వాం కానీ, చోటు ఖాయం చేయకుండానే తిరిగొచ్చాం.

మూడోది దేవదారు కొండల్లో గుర్రాల క్యాంపు. దాన్ని చూసుకునే మనిషి పేరు ట్వైలా. స్కూలు బస్సు నడిపి రిటైరైందట, గొంతు ఇంకా వెనక సీటుదాకా వినిపించేలాగే ఉంది. అక్కడ కరెంటు లేదు. నీళ్లకు చేతిపంపు. పిల్లలకు చీలమండ లోతు వాగు. అయితే కంచెల పక్కన చెక్కతో కట్టిన వాలుదారి ఒకటి ఉంది, రెండువైపులా పట్టుకోడానికి కమ్మీలు. మెల్లగా నడిచి పైకి వెళితే సరిగ్గా జీను ఎత్తుకు చేరతాం. గుర్రం పక్కన నిలబడి ఉంటుంది, కాలు అటు వేస్తే చాలు.

"మా ఆయనకోసం కట్టించా. పక్షవాతం వచ్చాక కూడా దాని మీంచే ఎక్కేవాడు. ఇప్పుడాయన లేడు, ఎవరికి కావాలంటే వాళ్లు ఎక్కుతున్నారు" అంది ట్వైలా. "ఒక్కటే, ఇద్దరు పట్టేంత వెడల్పు లేదు. మోసుకెళ్లడాలు కుదరవు. ఎవరి కాళ్లమీద వాళ్లే రావాల." అంతలో నేను మేబెల్‌ని ఎక్కించి తెచ్చిన ట్రైలరు వైపు చూసి, "తోకకి ఎర్ర రిబ్బనుందే! తన్నే గుర్రాలకేగా అది కడతారు, మీ గుర్రం తన్నుద్దా?" అంది.

ఇంతసేపూ చుట్టూ తిప్పుతూ వచ్చాను, ఇక చెప్పక తప్పదు. మేబెల్‌ని నేను అమ్మలేదు.

దాన్ని కొనడానికి నువ్వు పంపిన మనిషి పోయిన శనివారం వచ్చాడు. మంచివాడే. అతను గేటు తీస్తుండగా నాకేం పుట్టిందో, కొట్టంలోకి పరిగెత్తి బ్రిట్టా జడకు కట్టే ఎర్ర రిబ్బను దాని తోకకు కట్టేశాను. అతను చూశాడు, ఆగాడు, దూరంనుంచే ఓ చుట్టు తిరిగాడు. "తన్నుద్దామ్మా?" అన్నాడు. "మా ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు" అన్నాను. అబద్ధం ఒక్క ముక్క లేదు. పాపం, టోపీ తీసి, "ఆయన త్వరగా కోలుకోవాలమ్మా" అని వెనక్కి నడిచాడు. కోడిపిల్ల అడ్డొస్తే కాలు పైకెత్తి ఆగే గుర్రానికి అంత చెడ్డపేరు తెచ్చాను. ఆ పిచ్చిది మాత్రం కొత్త నగ పెట్టినట్టు తోక ఊపుతూ నిలబడింది. కోపం వస్తే నన్ను తిట్టు. నువ్వు దాన్ని అమ్మమన్నది దాని మీద విసుగుతో కాదని నాకు తెలుసు. నీ మీద నువ్వే ఆశ వదులుకున్నావు. నేను వదులుకోలేదు.

కాబట్టి మూడోదే ఖాయం చేశాను. వాగు చాలంది జానెల్. ఆ మలుపుల్లో ఓరిన్ బండి తిరగదు. దాన్ని ఇంటి దగ్గరే వదిలి గుడారంలో పడుకుంటానన్నాడు. "నడుం పట్టేస్తే నువ్వే లేపాలి వదినా. అన్నయ్యని లేపుతున్నావుగా, ఆ చేత్తోనే" అన్నాడు.

ట్రైలరు ఆ కొండమీదికి నేనే లాక్కెళ్లాను, తెలుసా? ముందుకు నడపడం వచ్చేసింది. వెనక్కి నడిపి మన చోట్లో పెట్టడం దగ్గరే పరువు పోయింది. క్యాంపుల్లో మొగుడూ పెళ్లాం బండి వెనక్కి పెడుతుంటే చుట్టూ జనం కుర్చీలు వేసుకుని చూస్తారు కదా, అలాగే వేసుకున్నారు. నువ్వు స్టీరింగు దగ్గర, నేను వెనకాల చేతులు ఊపి దారి చూపుతూ, "ఎడమంటే ఏ ఎడమే!" అని నువ్వు అరవడం, ఆ రోజంతా మనం మాట్లాడుకోకపోవడం, అదంతా నాకు అప్పుడు గుర్తొచ్చింది. అద్దంలోకి చూస్తే వెనక చెయ్యి ఊపేవాళ్లు ఎవరూ లేరు. "నేను నిలబడనా?" అంది ట్వైలా. వద్దన్నాను. ట్రైలరు సగం దారిలోనే వంకరగా ఉండిపోయింది.

నిన్ను గుర్రం ఎక్కమని అడగడం లేదు. ఆ వాలుదారి సంగతి నువ్వూ మేబెల్ తేల్చుకోండి. నాకు కావలసింది వేరు. జూన్‌లో నేను ట్రైలరు వెనక్కి పెట్టేటప్పుడు నువ్వు వెనకాల నిలబడాలి. వాకర్ పట్టుకునే నిలబడు, ఒక చెయ్యి ఊపితే చాలు. కేకలెయ్యి, తిట్టు, నీ ఇష్టం. అద్దంలో నువ్వు కనిపించేదాకా నేను బండి కదపను.

ఇట్లు,
నీ భార్య,
ఆర్లిస్