జంటబురుజుల గుట్ట నడుమ వేసిన తాళం గురించి

గౌలిపుర, హైదరాబాదు
1348 ఫసలీ, దై నెల

జంటబురుజుల గుట్ట మీది పాత కట్టడాల బందోబస్తు చూచు దారోగా సాహెబు వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గుట్ట చుట్టు దారిలో, కూలిన మహలు నడుమ తమరు పెట్టించిన ఇనుప తలుపును ఒక్క గంట తెరిపించుట, తద్వారా నా భార్యను ఇంటికి రప్పించుట గురించి.

గౌలిపుర నివాసి, పాలు పోసుకొని బ్రతుకు ఈశ్వరయ్య చేసుకొను మనవి. అర్జీలు వ్రాసే ఆయన నా సంగతి సగం విని పడీపడీ నవ్వినాడు. ఉర్దూలో అయితే తమకు సులువని తెలిసియు, ఆ నవ్వు భరించలేక, నాకు వచ్చిన తెలుగులోనే వ్రాసుకొనుచున్నాను.

1. మా పాలవాళ్ళ ఇళ్ళలో ఆలుమగలు కొట్లాడి మాటలు మానుకొంటే పెద్దలు పంచాయతీ పెట్టరు. ఇద్దరినీ ఆ గుట్టకు పంపుతారు. మగవాడు తూర్పు నుండి, ఆడమనిషి పడమటి నుండి ఎక్కి, చుట్టు దారిన ఎదురెదురుగా నడిచి, అవతల లోయ అంచున ఉన్న పాత మహలులో కలుసుకొనవలెను. ఆమె రొట్టె తేవలెను, అతడు చల్ల తేవలెను. ఒకే రాతి మీద కూర్చుండి తిన్న తరువాతనే ఒకరితో ఒకరు నోరు విప్పవలెను. పిదప కలిసి దిగవలెను. ఒంటరిగా వెనక్కు తిరిగితే కొట్లాట తీరనట్టే లెక్క. ఇద్దరూ ఒకే వైపు నుండి పోరాదా అని తమరు అడుగవచ్చును. మా మేనత్త కొమురమ్మను నేనూ అడిగితిని. "ఒక్క తొవ్వల పోతె తొవ్వ పొడుగూత కొట్లాడుకుంటరు బిడ్డా" అన్నది.

2. నా భార్య బుచ్చమ్మ దూడనాటి నుండి సాకిన బర్రె ఒకటి ఉండెను. ఆమె చెల్లెలి పెళ్ళికని కార్వాన్‌లోని పుట్టింటికి పోయిన రెండు దినములలో నేను దానిని అమ్మివేసితిని. బర్రె వట్టిపోయిన మాట నిజమే. అయినను తప్పు నాదే. తిరిగి వచ్చి ఖాళీ కట్టుగొయ్యను చూసి ఆమె ఏడ్వలేదు, తిట్టలేదు. మాట మానివేసినది. నాకు అదే భయమైనది.

3. పద్ధతి ప్రకారం గత నెల ఒక గురువారము ఇద్దరమూ గుట్ట ఎక్కితిమి. నేను మహలు చేరేసరికి, కూలిన గోడల నడుమ ఎన్నడూ లేని ఇనుప చువ్వల తలుపు, దానికి తాళము. అవతల బుచ్చమ్మ రొట్టెల మూట పట్టుకొని నిలుచున్నది. ఒక పక్క ఎత్తైన గోడ, ఒక పక్క లోయ. గోడ ఎక్కబోయి మోకాలు చీరుకొంటిని. కాపలాదారు బాబురావు పరుగున వచ్చి, "రాళ్ళు ఎత్కపోతున్నరని బంద్ జేసిన్రు. ఎటోళ్ళు అటే వాపస్ పోవాలె" అన్నాడు.

"ఒక్కసారి తియ్యి భాయ్, నీ కాల్మొక్త" అన్నాను.

"చాబీ నా తాన ఉంటె తియ్యనా అన్నా? దారోగా సాబు తాన ఉన్నది."

బుచ్చమ్మ చువ్వల నడుమ నుండి రొట్టె అందించినది. నా చల్ల ముంత అవతలికి పట్టలేదు. ఆమె దోసిలి పట్టినది. పోయబోతే ముంత చువ్వకు తగిలి అంతా రాళ్ళ మీద ఒలికినది. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకొని వెనక్కు తిరిగినది.

4. నాటి నుండి ఆమె పుట్టింటనే ఉన్నది. తీసుకొని రాబోతే మా అత్త ఎల్లమ్మ నన్ను గడపలోనే నిలిపి, "గుట్ట మీది పనే కాకపాయె, ఇంటికెట్ల తోలుత?" అన్నది.

5. నాకు ఒక చోట నిలకడ లేదు. ఒక ఇంట పోయవలసిన పాలు పక్కింట పోసి వచ్చుచున్నాను. పని కాగానే కాళ్ళు గుట్ట దిక్కే పోవుచున్నవి. నిన్నటితో పందొమ్మిది మార్లు. తూర్పు దారిలో ఏ మెట్టు విరిగినదో, ఏ బురుజు నీడ ఏ వేళకు ఎక్కడ పడునో చెప్పగలను. తలుపు దగ్గర నిలిస్తే కింద లోయ నిండా సీతాఫలం పొదలు, దూరాన మూసీ, పొగలో చార్మినారు. అది ఎంత చక్కగా కనబడితే నాకు అంత కోపము వచ్చుచున్నది. ఒక్కడినే చూసి ఏమి చేసుకొందును?

కావున వచ్చే గురువారము పగటి పూట ఒక్క గంట ఆ తాళము తీయించవలెనని ప్రార్థన. రాయి కాదు గదా, రొట్టె ముక్క కూడా మేము అటూ ఇటూ చేయము. ఇంతకంటె వ్రాయుటకు చేయి ఆడుట లేదు. తమరు దయతో చిత్తగించి చాబీ పంపవలెను.

తమ విధేయుడు,
గౌలిపుర ఈశ్వరయ్య

మళ్ళీ మనవి: దీనిని తమ కచేరీలో ఇచ్చుటకు ముందు బాబురావుకు చూపవలెనని నేడు నా వేళ దాటిన పిదప గుట్ట ఎక్కితిని. తలుపు అవతల బుచ్చమ్మ కూర్చుండి ఉన్నది. "నువ్వు దిగినంక రోజు వస్తది. నన్నెవరన్న అడిగిన్రా చెప్పెతందుకు?" అన్నాడు బాబురావు. ఆమెతో మాట్లాడరాదు గనుక నేను అతని దిక్కు తిరిగి అర్జీ అంతా గట్టిగా చదివితిని. బర్రె సంగతి రెండు మార్లు చదివితిని. ఆమె చివరి దాకా విని, తానును బాబురావుకే చెప్పినది: "ఒక్క గంటల ఒడిసే లొల్లా ఇది? పొద్దుగూకేదాక తెరిచి పెట్టాలని రాయమను."

కావున ఒక్క గంట అన్న చోట దినమంతా అని చదువుకొనవలెను. ఈ కింది వేలిముద్ర ఆమెది. అక్కడ సిరా లేనందున కంటి కాటుకతో వేసినది. కన్ను తడిగా ఉండుటచేత కొంచెము అలికినది.