నాటకం వినని ఊరు

ఒబ్దులియా మేడం గారికి,

మన రేడియో నాటకం విన్న ఊళ్లతో పోల్చడానికి, విననివాళ్లను ప్రశ్నలడిగి రమ్మని నన్ను ఉకయాలి నది ఒడ్డునున్న ఈ ఊరికి పంపారు. నాటకం సంగతి మాత్రం ఎత్తొద్దన్నారు. కానీ ఎత్తాను.

నేను దిగిన ఇంటి కోడలు నేల్దాకు నెలలు నిండాయి. మొహం ఉబ్బిపోయింది, తల పగిలిపోతోందంటూ ఏడుస్తోంది, చూపు మసకేసింది. "ఎండదెబ్బేలే, పడుకుంటే పోతుంది" అంది అత్తగారు. నాటకంలో నిండు గర్భిణి రొసౌరాకు ప్రాణం మీదికి తెచ్చినవీ ఇవే కదా మేడం! ఉండబట్టలేక ఆ కథంతా చెప్పేశాను. సగం వినగానే అత్తగారు లేచి, "పడవ తీయండ్రా!" అని కేకేసింది.

వాళ్లు నేల్దాను ఆస్పత్రికి తీసుకెళ్లారు. నిన్న కబురొచ్చింది. ఆపరేషన్ చేశారట, తల్లీ బిడ్డా దక్కారు.

ఈ ఊరు ఇక మీ పోలికకు పనికిరాదు, తీసేయండి. నన్నూ తీసేస్తారేమో! కానీ అధ్యయనం ముగిసేదాకా ఈ ఊళ్లకు నాటకం వినిపించకూడదన్న మాట తలచుకుంటే కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

రేపు పక్క ఊరికి వెళ్లాలి. అక్కడా ఇద్దరు గర్భిణులున్నారట. నోరు మూసుకోమని మీరు రాసినా, ఆ ఉత్తరం అందేసరికి నేను వాళ్లకు చెప్పేసి ఉంటాను.

ఇట్లు,
మీరు ప్రశ్నలడగడానికి పంపిన అమ్మాయి